ఆపరేషన్‌లో వాడిన జంతు ప్రోటీన్ జిగురు ఒంట్లో ఏమవుతుంది?

మీ అమ్మగారికి అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) ఆపరేషన్ అయిందని రాశారు. డిశ్చార్జ్ ఫైల్ చివర అతికించిన, ఆపరేషన్‌లో వాడిన గ్లూల స్టిక్కర్లలో ఒకదాని మీద బొవైన్ (అంటే ఆవుది) సీరం ఆల్బుమిన్, గ్లూటరాల్డిహైడ్ అని ఉందన్నారు. ఇంకోదాని మీద బొవైన్ జెలటిన్, హ్యూమన్ త్రాంబిన్ (రక్తం గడ్డకట్టించే ఎంజైము) అని ఉందట. ఇంట్లో అందరూ శాకాహారులు, అమ్మగారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.6. ఆ ఆవు ప్రోటీన్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుందా, ఎన్నాళ్లుంటుంది, కిడ్నీల మీద భారం పడుతుందా, మళ్లీ ఆపరేషన్ అవసరమైతే ఏం చూసుకోవాలి అని అడిగారు. మీ ప్రశ్న కింద ఇప్పటికే వచ్చిన జవాబుల్లో ఒకరు 'రెండు రోజుల్లో కరిగిపోతుంది' అన్నారు, ఇంకొకరు 'జీవితాంతం ఉంటుంది' అన్నారు. ఇద్దరూ అన్ని గ్లూలనూ ఒకే గాటన కట్టేశారు.

నేను సర్జన్‌ని కాను. హైదరాబాద్‌లోనే ఒక బోధనాసుపత్రిలో ఫార్మకాలజీ చెప్పేవాణ్ని. ఆపరేషన్ థియేటర్‌కి ఏ మందు కొనాలి, ఏ సామాను వద్దనాలి అని చూసే కమిటీలో చాలాకాలం ఉన్నాను. ఈ గ్లూ పెట్టెల్లో మడతలు మడతలుగా వచ్చే సన్నక్షరాల కాగితాలు చదవడం అక్కడ నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను. అమ్మగారి కేసులో మాత్రం ఆఖరి మాట ఆమెను చూసే డాక్టర్లదే.

ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీ రెండు స్టిక్కర్లలో జెలటిన్ కొన్ని వారాల్లో పోతుంది. ఆల్బుమిన్ గ్లూకి ఏళ్లు పడుతుంది, కొంత ముక్క అక్కడే మిగిలిపోయినా ఆశ్చర్యం లేదు. రెండింటిలో ఏదీ ఆవు ప్రోటీన్ రూపంలో ఒళ్లంతా తిరగదు. కిడ్నీల మీద పడే భారం లెక్కలోకి వచ్చేది కాదు. మీరు నిజంగా పట్టించుకోవాల్సింది వేరే ఉంది. ప్రోటీన్ పోయినా, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మాత్ర వేసుకుంటే రక్తంలోకి ఎంత చేరింది, ఎన్ని గంటలకు సగమైంది, ఎలా బయటికి పోయింది అన్న లెక్కలన్నీ దాని కాగితంలో ఉంటాయి. ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టినప్పుడు ఏర్పడే ప్రోటీన్ వల) ఆధారంగా చేసే గ్లూల కాగితం తీసి అదే శీర్షిక కింద చూడండి, రెండు మూడు వాక్యాలకు మించి ఉండదు. ఇది గాయం మీద వాడేది, రక్తనాళంలోకి ఎక్కించకూడదు, కాబట్టి మనుషుల రక్తంలో దీని స్థాయిలు కొలిచే అధ్యయనాలు చేయలేదు, మన ఒంట్లో సహజంగా ఏర్పడే ఫైబ్రిన్‌లాగే ఇదీ కరుగుతుంది అని ఉంటుంది. చదివినవాళ్లకు కంపెనీ ఏదో దాస్తున్నట్టు అనిపిస్తుంది. నన్నడిగితే అందులో దాపరికమేమీ లేదు. గడ్డకట్టించే పదార్థం నాళంలోకి పోతే అక్కడే గడ్డ కడుతుంది, అది గుండెకో మెదడుకో అడ్డుపడుతుంది. అలాంటిదాన్ని ఎక్కించి, రక్తంలో ఎన్ని గంటలుందో చూద్దామని ఎవరూ అనరు కదా.

కాబట్టి ఇక్కడ మందులకు వాడే పద్ధతిలో కాకుండా వేరేగా ఆలోచించాలి. తిన్న ప్రోటీన్‌ని కడుపులో ఆమ్లం, పేగుల్లో ఎంజైములు ముక్కలు చేస్తాయి. గాయంలో పెట్టిన ప్రోటీన్‌కి కడుపు లేదు. దాన్ని అరిగించే పని అక్కడికక్కడే జరుగుతుంది. మొదటి రోజుల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వస్తాయి. వాటి వెనకే మాక్రోఫేజ్‌లనే మింగుడు కణాలు వచ్చి అంచుల నుంచి కొరుక్కుంటూ వెళ్తాయి. కణాల చుట్టూ ఉండే ద్రవంలోని ఎంజైములు గొలుసుల్ని కోస్తాయి, మాక్రోఫేజ్‌లు ఆ ముక్కల్ని మింగి లోపల అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. రక్తంలోకి చేరేది ప్రధానంగా ఈ అమైనో ఆమ్లాలు, వాటితో పాటు కొన్ని చిన్న పెప్టైడ్‌లు, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు. ప్రోటీన్లలోని 20 రకాల అమైనో ఆమ్లాలు ఆవులోనైనా కందిపప్పులోనైనా మనలోనైనా అవే. లైసిన్ అనే అమైనో ఆమ్లం ఒకసారి గొలుసు నుంచి విడిపోయాక అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం ఏ ల్యాబ్ వల్లా కాదు.

పరిమాణం కూడా చూద్దాం. ఆల్బుమిన్ గ్లూ సిరంజిలో రెండు అరలుంటాయి: ఒకదాని ద్రావణంలో 45 శాతం ఆల్బుమిన్, రెండో అరలో దాన్ని ముడివేసే 10 శాతం గ్లూటరాల్డిహైడ్. రెండూ 4:1 పాళ్లలో కలుస్తాయి. 5 మిల్లీలీటర్ల సిరంజి మొత్తం వాడేశారనుకుందాం, సాధారణంగా అంత వాడరు. 4 మిల్లీలీటర్లలో 45 శాతమంటే 1.8 గ్రాముల ప్రోటీన్. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములుంటుంది. మన తార్నాక జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషి రోజూ 50 గ్రాముల దాకా తినాలి. ఇది కాక మన ఒళ్లు తన సొంత ప్రోటీన్‌నే రోజుకు 250 నుంచి 300 గ్రాములు విరగ్గొట్టి మళ్లీ కట్టుకుంటుంది. ఆ రాకపోకల్లో, నెలలూ ఏళ్లూ పట్టి కొంచెం కొంచెంగా కలిసే 1.8 గ్రాములు ఏ మూలకి?

ఇక మీ స్టిక్కర్ల సంగతి. జెలటిన్‌తో మొదలుపెడతాను.

శాకాహారులు మన్నించాలి, హైదరాబాద్‌లో ఉంటూ జెలటిన్ గురించి చెప్పాలంటే పాయా (మేక కాళ్ల పులుసు) తలుచుకోక తప్పదు. పాయా మిగిలితే రాత్రి ఫ్రిజ్‌లో పెడతారు. పొద్దునకి అది గడ్డకట్టి, గిన్నె కదిపితే వణుకుతూ ఉంటుంది. పొయ్యి మీద పెడితే మళ్లీ నీరైపోతుంది. కాళ్ల చర్మంలో, ఎముకల్లో కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది, అందులో మూడు పోగులు ఒకదానికొకటి పేనుకుని ఉంటాయి. గంటల తరబడి ఉడికిస్తే ఆ పేనిక విడిపోతుంది. అదే జెలటిన్. మామూలు జెలటిన్ ఒంటి వేడికే కరిగిపోతుంది కాబట్టి థియేటర్‌లో వాడేదాన్ని గట్టిపరిచి తయారుచేస్తారు. స్పాంజిలా ఉండే బిళ్లలు ఒక రకం, మా థియేటర్లలో ఏ కంపెనీదైనా జెల్‌ఫోమ్ అనో ఏబ్‌జెల్ అనో పిలిచేస్తారు. రెండో రకం మీ అమ్మగారికి వాడినది. సుమారు అర మిల్లీమీటరు సైజు జెలటిన్ రేణువుల్ని అప్పటికప్పుడు త్రాంబిన్ ద్రావణంతో కలిపి, సిరంజితో రక్తం కారే చోట పేస్టులా వేస్తారు.

అక్కడ రెండు పనులు జరుగుతాయి. రేణువులు ఉబ్బి చోటును నింపుతాయి. త్రాంబిన్ మాత్రం అమ్మగారి రక్తంలోనే ఉన్న ఫైబ్రినోజెన్‌ని ఫైబ్రిన్ వలగా మారుస్తుంది. అంటే గడ్డకట్టినది ఆమె సొంత ప్రోటీనే, ఆవు జెలటిన్ దానికి ఊతం మాత్రమే. రక్తం ఆగాక గడ్డలో చిక్కుకోని రేణువుల్ని సెలైన్‌తో కడిగి తీసేయాలి, కాగితంలో ఆ మాట స్పష్టంగా ఉంటుంది. వెన్నుపూసల దగ్గర, కంటి నరం దగ్గర దీన్ని మరీ జాగ్రత్తగా పాటిస్తారు, ఎందుకంటే ఇరుకు చోట జెలటిన్ ఉబ్బితే నరం నలుగుతుంది.

మిగిలిన జెలటిన్‌ని కోసే ఎంజైములు మన ఒంట్లో ప్రత్యేకంగానే ఉన్నాయి. ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 అంటారు, జెలటినేజ్‌లన్నది వాటి ఇంకో పేరు. గాయం మానేటప్పుడు పాత కొల్లాజెన్‌ని తొలగించడానికి అవి ఎలాగూ పనిలో ఉంటాయి. స్పాంజి జెలటిన్ 4 నుంచి 6 వారాల్లో, రేణువుల రకం 6 నుంచి 8 వారాల్లో పోతుంది. ముక్కు లోపలి పొర లాంటి తడి చోట అయితే స్పాంజి 2 నుంచి 5 రోజుల్లోనే ద్రవమైపోతుంది. 'రెండు రోజులు' అన్న ఆ జవాబు బహుశా అక్కడి నుంచి వచ్చి ఉంటుంది.

నా క్లాసులో పిల్లలకు ఇష్టమైన భాగం ఇక్కడుంది. జెలటిన్ గొలుసులో హైడ్రాక్సీప్రోలీన్ అనే అమైనో ఆమ్లం బాగా ఉంటుంది, పైన చెప్పిన 20లో ఇది లేదు. మన కణాలు దాన్ని నేరుగా గొలుసులో చేర్చలేవు. ముందు ప్రోలీన్‌ని చేర్చి, ఆ తర్వాత దానికి ఒక ఆక్సిజన్ తగిలిస్తాయి. ఆ పనికి విటమిన్ సి కావాలి, అది లేకపోతే వచ్చే జబ్బే స్కర్వీ. అందుకని జెలటిన్ విరిగితే వచ్చిన హైడ్రాక్సీప్రోలీన్‌ని ఒళ్లు కొత్త ప్రోటీన్ కట్టుకోవడానికి మళ్లీ వాడుకోలేదు. కాలేయం, కిడ్నీలు దాన్ని గ్లైఆక్సిలేట్‌గా మార్చి, చాలావరకు గ్లైసిన్ చేసేస్తాయి. కొద్ది భాగం ఆక్సలేట్ అవుతుంది, ఇంకొంత చిన్న పెప్టైడ్‌ల రూపంలోనే మూత్రంలో పోతుంది. ఆక్సలేట్ అనగానే కిడ్నీ రాళ్లని గాభరా పడకండి. మన ఎముకలు, చర్మం పాత కొల్లాజెన్‌ని వదిలించుకుంటూ రోజూ ఇదే హైడ్రాక్సీప్రోలీన్‌ని రక్తంలోకి పంపుతూనే ఉన్నాయి. ఒక సిరంజి జెలటిన్ వారాల తరబడి కరిగితే ఆ రోజువారీ ప్రవాహంలో కలిసిపోతుంది.

త్రాంబిన్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. కొంత ఫైబ్రిన్ వలలోనే అతుక్కుపోతుంది. జారిపోయిన కొంచెమూ రక్తంలోకి చేరగానే యాంటీత్రాంబిన్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది, ఆ జంటని కాలేయం నిమిషాల్లో తీసేస్తుంది. ఫైబ్రిన్ వలని ప్లాస్మిన్ అనే ఎంజైము కోస్తుంది, అప్పుడు వచ్చే ముక్కల్లో ఒకటి మీరు కోవిడ్ రోజుల్లో విన్న డి-డైమర్. పెద్ద ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు డి-డైమర్ ఎక్కువే ఉంటుంది, గ్లూ వాడినా వాడకపోయినా. ఎవరో హెల్త్ ప్యాకేజీలో భాగంగా చేయించి ఆ అంకె చూసి పరిగెత్తుకొచ్చిన సందర్భాలు నాకు తెలుసు. డాక్టర్ అడగనిదే ఆ టెస్ట్ జోలికి పోకండి.

ఇప్పుడు అసలు మొండిది, ఆల్బుమిన్-గ్లూటరాల్డిహైడ్ గ్లూ. మార్కెట్లో దీనికి బయోగ్లూ అన్న పేరు బాగా తెలుసు, అమెరికాలో 2001లో పూర్తి అనుమతి వచ్చింది. ఆవు ఆల్బుమిన్‌లో 583 అమైనో ఆమ్లాలు, మనదాంట్లో 585. రెండింటి వరసా నాలుగింట మూడు వంతులు ఒకటే. మామూలుగా మన రక్తంలో తిరిగే ఆల్బుమిన్ సగానికి తగ్గడానికి 19-20 రోజులు పడుతుంది. ఈ అంకెని పట్టుకుని గ్లూ కూడా రెండు మూడు నెలల్లో పోతుందని లెక్క కట్టినవాళ్లున్నారు. ఆ లెక్క ఇక్కడ చెల్లదు, ఎందుకంటే గ్లూలో ఉన్నది విడి ఆల్బుమిన్ కాదు.

సిరంజి మొనలో రెండు ద్రవాలు కలిసిన 20-30 సెకన్లకే బిగుసుకోవడం మొదలవుతుంది, 2 నిమిషాల్లో పూర్తి పట్టు వస్తుంది. గ్లూటరాల్డిహైడ్ రెండు చివర్లా పట్టుకునే గుణమున్న చిన్న అణువు. ఆల్బుమిన్‌లోని లైసిన్‌లను పక్క ఆల్బుమిన్ లైసిన్‌లతోనూ, అయోర్టా గోడలోని ప్రోటీన్లతోనూ కలిపి ముడేస్తుంది. తోళ్ల పరిశ్రమలో తోలు కుళ్లకుండా చేయడానికి కూడా దీన్ని వాడతారు. జంతు కణజాలంతో చేసే గుండె కవాటాల్ని కూడా దీనితోనే శుద్ధి చేస్తారు, అవి ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండాలి కాబట్టి. చూడండి, ప్లాస్మిన్ గానీ ట్రిప్సిన్ గానీ ప్రోటీన్ గొలుసును కోసేది లైసిన్, ఆర్జినిన్ పక్కన. సరిగ్గా ఆ లైసిన్‌లనే గ్లూటరాల్డిహైడ్ ముడివేసి కూర్చుంది. ఎంజైముకి కత్తి పెట్టే చోటు చాలావరకు దొరకదు. అందువల్ల మాక్రోఫేజ్‌లు అంచుల్ని మాత్రం నెమ్మదిగా కొరుకుతాయి, ఒళ్లు దాని చుట్టూ పీచు పొర ఒకటి కట్టి పక్కన పెడుతుంది. ఇది పూర్తిగా పోవడానికి రెండేళ్లకు పైనే పట్టొచ్చు. మళ్లీ గుండె తెరిచినప్పుడు పాత గ్లూ పసుపు రంగు పెళుసు ముక్కలా కనిపించిందని సర్జన్లు చెబుతుంటారు.

ముడిపడని గ్లూటరాల్డిహైడ్ కొంచెం మొదటి రోజుల్లో పక్కనున్న కణజాలంలోకి ఊరుతుంది. దాని వల్ల ప్రమాదం స్థానికమైనదే. ఊపిరి పీల్చే కండరాన్ని నడిపే ఫ్రెనిక్ నరానికీ, గుండె లయని నడిపే సైనస్ నోడ్‌కీ ఇది తగలకూడదని హెచ్చరిక ఉంటుంది. ఎదిగే పిల్లల రక్తనాళం చుట్టూ కడియంలా వేయకూడదు, నాళం ఎదగదు. రక్తంలోకి చేరిన కాస్త గ్లూటరాల్డిహైడ్ గ్లూటారిక్ ఆమ్లంగా మారి, మామూలు శక్తి మార్గాల్లో కాలి, ఊపిరితో కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. అది ఒంట్లో ఎక్కడో పేరుకుపోతుందన్న భయం అక్కర్లేదు.

కిడ్నీల ప్రశ్నకి అంకెల్లోనే జవాబు చెప్పొచ్చు. ప్రోటీన్‌లో 16 శాతం నైట్రోజన్. 1.8 గ్రాముల ఆల్బుమిన్ మొత్తం విరిగినా 0.3 గ్రాముల నైట్రోజన్, అంటే 0.6 గ్రాముల యూరియా. మామూలు మనిషి ఒక్క రోజులో విసర్జించే యూరియా 20 నుంచి 30 గ్రాములు. పైగా మీ అమ్మగారి విషయంలో ఆ 0.6 గ్రాములూ రెండేళ్ల మీద పరుచుకుని వస్తుంది. క్రియాటినిన్ 1.6కి కారణం ఈ గ్లూలో వెతకొద్దు. అయోర్టా ఆపరేషన్‌లో హార్ట్ లంగ్ మెషీన్, తగ్గిన బీపీ, రక్తం ఎక్కించడం, కాంట్రాస్ట్ సీటీ, యాంటీబయాటిక్స్ ఇవన్నీ కిడ్నీని తాకేవే.

ఒక చిన్న మినహాయింపు ఉంది. అప్రోటినిన్ అని 58 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఉంటుంది. ఫైబ్రిన్ గ్లూ తొందరగా కరగకుండా కొన్ని రకాల్లో కలుపుతారు. మొదట్లో ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసేవాళ్లు, టిస్సీల్ లాంటి ఫైబ్రిన్ గ్లూలలో ఇప్పుడు వాడేది కృత్రిమంగా చేసినది. ఇంత చిన్నది కాబట్టి కిడ్నీ జల్లెడలోంచి నేరుగా జారిపోతుంది, తర్వాతి గొట్టం గోడల్లోని కణాలు దాన్ని పీల్చుకుని లోపలే విరగ్గొడతాయి. గ్లూ ప్రోటీన్లలో కిడ్నీ స్వయంగా అరిగించేది ఇదొక్కటేనని చెప్పొచ్చు. మీ స్టిక్కర్లలో ఇది లేదు.

ఇందాక వాయిదా వేసిన రోగనిరోధక వ్యవస్థ విషయానికి వస్తున్నాను, ఇది జాగ్రత్తగా చదవండి. గాయం దగ్గర పరాయి ప్రోటీన్ ముక్కల్ని మింగిన డెండ్రైటిక్ కణాలు దగ్గరలోని లింఫ్ గ్రంథులకు వెళ్లి వాటిని అక్కడి కణాలకు చూపిస్తాయి. గ్లూ ప్రోటీన్‌లో 'ఒళ్లంతా ప్రయాణం' అంటూ ఏదైనా ఉంటే అది ఇదే. పరిమాణంలో అతి తక్కువ, పర్యవసానంలో అన్నిటికన్నా పెద్దది. అక్కడ యాంటీబాడీలు తయారైతే, జెలటిన్ 8 వారాల్లో పోయినా ఆ గుర్తు ఏళ్లపాటు ఉంటుంది.

దీనికి అందరూ చెప్పుకునే పాఠం ఆవు త్రాంబిన్. ఒకప్పుడు థియేటర్లలో అదే వాడేవాళ్లు. ఆ మందులో త్రాంబిన్‌తో పాటు రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఆవు ఫ్యాక్టర్-5 అనే ప్రోటీన్ కూడా మలినంగా ఉండేది. కొందరి ఒళ్లు దానికి యాంటీబాడీలు చేసింది. ఆవు ఫ్యాక్టర్-5, మన ఫ్యాక్టర్-5 దగ్గర పోలికలున్నవి కావడంతో ఆ యాంటీబాడీలు మన సొంతదాన్ని కూడా పట్టుకున్నాయి. రక్తం ఆపడానికి వేసిన మందే తర్వాత రోజుల్లో రక్తస్రావానికి కారణమైంది. రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పీటీ, ఏపీటీటీ పరీక్షలు రెండూ పెరుగుతాయి, మామూలు ప్లాస్మా కలిపి చూసినా సరికావు. మొదటిసారి కన్నా రెండోసారి వాడినవాళ్లలో ఇది ఎక్కువ. 1996లో అమెరికా ఎఫ్‌డీఏ దాని మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది. ఆ తర్వాత మనిషి ప్లాస్మా నుంచి తీసిన త్రాంబిన్, జన్యు పద్ధతిలో చేసిన త్రాంబిన్ వచ్చాయి. మీ స్టిక్కర్ మీద హ్యూమన్ అని ఉంది కాబట్టి ఈ గొడవ మీకు లేదు.

ఆవు అప్రోటినిన్‌ది ఇంకో రకం. ఒకసారి వాడాక మళ్లీ వాడితే, ముఖ్యంగా తొలి 6 నెలల్లో, కొందరికి తీవ్రమైన అలర్జీ వచ్చి బీపీ పడిపోయేది. జెలటిన్‌కీ అలర్జీ ఉంది. కొన్ని టీకాల్లో జెలటిన్ కలుపుతారు, టీకా తర్వాత ఒళ్లంతా దద్దుర్లు వచ్చినవాళ్లలో కొందరికి కారణం టీకా కాదు, ఆ జెలటినే. అమ్మగారికి ఎప్పుడైనా టీకాతోనో, జెల్లీ మిఠాయితోనో, క్యాప్సూల్‌తోనో అలా జరిగి ఉంటే అది డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

పిచ్చి ఆవు వ్యాధి గురించి కూడా ఎవరో రాశారు. వ్యాధి లేని ప్రాంతాల మందల నుంచి తీసుకోవడం, జెలటిన్‌ని ఆమ్లంతో క్షారంతో ఉడికించడం లాంటి జాగ్రత్తలు ఈ సరుకుకి తప్పనిసరి. దాని గురించి నేనైతే నిద్ర పాడుచేసుకోను.

శాకాహారం విషయం. మతపరంగా ఏది తప్పో ఏది కాదో చెప్పడానికి నేనెవర్ని? కానీ నిజాలు ముందుగా తెలిసి ఉండాలి. మా దగ్గర పాతబస్తీ నుంచి వచ్చిన కుటుంబాలు పంది సరుకు వద్దనేవి, మార్వాడీ కుటుంబాలు, మన వైష్ణవ కుటుంబాలు ఏ జంతువుదీ వద్దనేవి. అడగడంలో తప్పులేదు. ఐతే గ్లూ ఒక్కటే అడిగి ఊరుకుంటారు. హార్ట్ లంగ్ మెషీన్ పెట్టేముందు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కువగా పంది పేగుల నుంచే వస్తుంది. క్యాట్‌గట్ దారం గొర్రె, పశువుల పేగులది. కవాటం పందిదో ఆవుదో కావచ్చు. రేణువుల జెలటిన్‌లో కూడా ఫ్లోసీల్ ఆవుది, సర్జిఫ్లో పందిది. ఫైబ్రిన్ గ్లూలో ప్రధాన ప్రోటీన్లు మనిషి ప్లాస్మావి. టాకోసిల్ అనే పట్టీలో గుర్రం కొల్లాజెన్ ఉంటుంది. జంతువుతో సంబంధం లేనివీ ఉన్నాయి: మొక్కల సెల్యులోజ్‌తో చేసిన సర్జిసెల్, పిండిపదార్థంతో చేసిన పొడులు, పూర్తిగా కృత్రిమమైన పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) జెల్‌లు. కానీ ఇవి అన్ని చోట్లా ఒకేలా పనిచేయవు. అధిక పీడనంతో కొట్టుకునే అయోర్టా కుట్టు దగ్గర సెల్యులోజ్ ముక్క ఆల్బుమిన్ గ్లూకి సాటి రాదు. ఎమర్జెన్సీలో చీలిన అయోర్టా ముందు సర్జన్ ఏది వాడారో అది వాడటమే సరైన పనని నా అభిప్రాయం. ముందే తేదీ వేసుకుని చేసే ఆపరేషన్ అయితే మాత్రం కన్సెంట్ కాగితం మీద సంతకం పెట్టే రోజున కాకుండా, ఓపీలో కలిసినప్పుడే అడగండి. 'హెపారిన్, దారాలు, గ్లూ, కవాటం, వీటిలో జంతువులవి ఏవి, ప్రత్యామ్నాయం దేనికుంది?' అని అడిగితే సరిపోతుంది.

ఇప్పుడు చేయాల్సిన పనులు. ఆ స్టిక్కర్ల పేజీని ఈ రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, లాట్ నంబర్ కనిపించేలా. ఆ స్టిక్కర్ల మీది అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోవచ్చు, మా రికార్డు గదిలో తెల్ల కాగితాలుగా మారిన స్టిక్కర్లు ఎన్నో చూశాను. మళ్లీ ఏ ఆపరేషన్ జరిగినా మత్తు డాక్టర్‌కి ఇది చూపించండి. పంటి దగ్గర చిన్న సర్జరీ అయినా సరే, అక్కడా జెలటిన్ స్పాంజి పెడతారు.

స్కాన్ చేసే డాక్టర్‌కి కూడా చెప్పాలి. ఫాలో-అప్ సీటీలో మిగిలిన ఆల్బుమిన్ గ్లూ అయోర్టా పక్కన ఒక ముద్దలా కనిపిస్తుంది. తెలియనివాళ్లు దాన్ని చీము గడ్డ అనో, కుట్టు దగ్గర లీకై వచ్చిన ఉబ్బు అనో రిపోర్ట్ రాసే వీలుంది. జెలటిన్, సెల్యులోజ్ ముక్కలైతే మొదటి వారాల్లో మధ్యమధ్య గాలి బుడగలతో అచ్చం చీము గడ్డలాగే ఉంటాయి. స్కాన్ రిక్వెస్ట్ మీద 'ఫలానా తేదీన ఆల్బుమిన్ గ్లూ, జెలటిన్ వాడారు' అని ఒక్క లైను సర్జన్‌తో రాయించుకోండి. జ్వరం, చలి, గాయం దగ్గర ఎరుపు, చీము, తెల్లకణాలు పెరగడం ఉంటే మాత్రం స్కాన్‌లో కనిపించింది గ్లూయే కదా అని ఊరుకోవద్దు, వెంటనే చూపించాలి.

ఆ సీటీకి వాడే కాంట్రాస్ట్ మందు విషయంలో అమ్మగారి క్రియాటినిన్ నిజంగా ముఖ్యం. తాజా రిపోర్ట్ తీసుకుని వెళ్లండి. సుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆపాలా అని, ముందు రోజు నీళ్లు ఎంత తాగాలి, సెలైన్ ఎక్కించాలా అని స్కాన్ సెంటర్‌లో కాకుండా మీ కిడ్నీ డాక్టర్‌నే అడగండి. గుండె ఆపరేషన్ అయినవాళ్లకు ఎక్కువ నీళ్లు కూడా ఇబ్బందే.